సునీతకు అద్దాల పని తీరిపోయింది

ఓబుళమ్మా, మన సునీతకు అద్దాలు లేకుండానే అంతా కనిపిస్తోంది!

నిన్న నంద్యాలలో లేజర్ ఆపరేషన్ చేయించాను. ముందు పరీక్షలన్నీ చేశారు. నొప్పి తెలియకుండా కళ్లలో చుక్కలు వేసి, లైటు వైపే చూస్తూ పడుకోమన్నారట. కాసేపటికే నడిచి వచ్చేసింది! సాయంత్రం దాకా మంట, నీళ్లు కారడం. "బిడ్డ కండ్లకాడికి మిషన్లు వద్దబ్బా" అనేదానివే, ఆ మాటే గుర్తొచ్చి నాకు అన్నం దిగలేదు.

ఆళ్లగడ్డలో ఇంటికి రాగానే మా అక్క తడి నందివర్ధనం పూలు తెచ్చింది.

"కండ్లమీద పెడితే సల్లగుంటాది అబ్బీ."

"వద్దక్కా! నీళ్లు తగలగూడదని డాక్టరు చెప్పినాడు."

"ఓహో, ఇప్పుడు నువ్వే డాక్టరైనావా?" అని ఆ పూలు నీ ఫోటోకు పెట్టింది.

అద్దాలు లేకుంటే మంచం మీద నుంచి నా మొహమే గుర్తుపట్టేది కాదు సునీత. ఈ పొద్దున లేస్తూనే, "నాయనా, అమ్మ ఫోటోకు నందివర్ధనాలు ఎవురు పెట్టినారు?" అంది. నేను చిన్నపిల్లోడిలా గంతులేశాను!

సంజామలలో మీ అన్నకు, గోస్పాడులో మా చెల్లెలికి, ఉయ్యాలవాడలో మీ చిన్నమ్మకు చెప్పాలి. మీ అమ్మ నీ దగ్గరే ఉంది కదా, ఆమెకు నువ్వే చెప్పు.