పొగ పోయే దారి

ఏప్రిల్ 7, 2025, సోమవారం

ఈ రోజు నుంచి యాసిడ్ పని నాది.

విదేశీ బయ్యరు ప్రతి బ్యాచ్‌కూ సీసం రిపోర్టు అడుగుతున్నాడట. బయటి ల్యాబుకు పంపితే ఆలస్యం. అందుకని మామిడి గుజ్జును మేమే నైట్రిక్ యాసిడ్‌లో వేసి, హాట్ ప్లేట్ మీద కాచి, నీళ్లలా తేటపడేదాకా కరిగించాలి. ఆ తర్వాత మెషీను చూసుకుంటుంది.

కోవిడ్‌లో పోయిన వాసన నాకు తిరిగి రాలేదు. అంతకుముందు ఈ ఫ్యాక్టరీలో గుజ్జు వాసన, రుచి చూసి పాస్ చేసేది నేనే. తర్వాత కెమికల్ ల్యాబుకు మార్చారు. మేనేజరు ప్రతాప్ సార్ యాసిడ్ సీసా నా బల్ల మీద పెట్టి, "నీకెట్లాగూ వాసన తెలీదు గదమ్మా లోహితా, ఇబ్బంది ఉండదు. నువ్వే చేసెయ్" అన్నారు. దయగానే అన్నారు.

కిటికీ పక్కన పెట్టి కాచాను. బీకరులోంచి ఇటుకరాయి రంగు పొగ లేచింది. వాసన తెలియదు గానీ రంగు కనపడుతుంది.

ఏప్రిల్ 8

దగ్గు.

ఏప్రిల్ 11, శుక్రవారం

పొగను లాగి బయటికి పంపే ఫ్యూమ్ హుడ్ కావాలని అడిగాను. మైక్రోబయాలజీ గదిలో ఒకటి ఉందిగా అన్నారు ప్రతాప్ సార్. అది లామినార్ ఫ్లో. అది లోపల పెట్టిన శాంపిల్‌ను కాపాడుతుంది, గాలిని మనిషి ముఖం మీదికి ఊదుతుంది. నాకు కావలసింది మనిషిని కాపాడేది, గాలిని లోపలికి లాక్కునేది. చూడటానికి రెండూ గాజు తలుపున్న పెట్టెలే. అందులో యాసిడ్ కాస్తే ఏమవుతుందో ఆయనకు చెప్పాను. తలూపారు. ఎంత అర్థమైందో తెలియదు.

ఏప్రిల్ 17

క్యాటలాగు వచ్చింది. సార్‌కు డక్ట్, అంటే పొగ బయటికి పోయే గొట్టం, లేనిది నచ్చింది. పైన కార్బన్ ఫిల్టరు, శుభ్రమైన గాలి మళ్లీ గదిలోకే వస్తుంది, గోడకు బెజ్జం కొట్టే పని లేదు. ఫిల్టరు నిండితే ఎలా తెలుస్తుందని సేల్స్ అతన్ని ఫోన్లో అడిగాను. వాసన వస్తే మార్చేయండి మేడం అన్నాడు.

నవ్వు వచ్చింది. అతనికి కారణం చెప్పలేదు. మేం కాచేది ఏమిటో చెప్పి, నైట్రిక్ పొగలకు ఆ ఫిల్టరు పనికొస్తుందని రాసిస్తారా అని అడిగాను. కనుక్కుని చెప్తానన్నాడు. మళ్లీ ఫోన్ చేయలేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

ఈసారి బీకరు కాగేటప్పుడు సార్‌ను వచ్చి పక్కన నిలబడమన్నాను. నిలబడ్డారు. కాసేపటికే రుమాలు ముక్కుకు పెట్టుకుని బయటికి వెళ్లిపోయారు. సాయంత్రం పిలిచి, "ఏందమ్మా అది, గొంతు కోసేస్తాండాది. ఆ డక్టుండేదే తెప్పిస్తాం లే" అన్నారు.

మే 22, గురువారం

సోమవారం హుడ్ వచ్చింది. లోపలంతా యాసిడ్‌కు తట్టుకునే ప్లాస్టిక్ లైనింగు. పైకీ కిందికీ జరిగే గాజు తలుపు. మేడ మీద గాలి లాగే బ్లోయరు. తలుపు పక్కన పెడదామన్నారు సార్. వద్దన్నాను. మనుషులు వస్తూ పోతూ ఉంటే గాలి కదిలి పొగను బయటికి లాగుతుంది. ఏసీ గాలి తగలని మూల చూసి పెట్టించాను. పైపు పని ఎలక్ట్రీషియన్ ఢిల్లీబాబుది. రెండు రోజుల్లో ముగించాడు.

గాజు తలుపు అంచుకు టిష్యూ ముక్క అంటించాను. బ్లోయరు వేయగానే అది లోపలికి వంగింది. మీటరు పెట్టి చూస్తే గాలి వేగం కూడా సరిగ్గా ఉంది. బీకరు పెట్టాను. ఇటుకరంగు పొగ లేచి, వెనక్కి తిరిగి, ఎవరో పిలిచినట్టు పైకి వెళ్లిపోయింది.

చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

మే 26

జూనియర్ ఎస్తేరుకు నేర్పుతున్నాను. కిందటేడు బీఎస్సీ అయింది. వాళ్లమ్మ తాయమ్మ ఇక్కడే కాయలు కోసే సెక్షన్లో పనిచేస్తుంది. ఎస్తేరు దేన్నైనా ఒక్కసారి చెబితే పట్టుకుంటుంది. బీకరు అంచున కాదు, జానెడు లోపలికి పెట్టాలి. గాజు తలుపు చేతులకు సరిపడా తెరవాలి, తల ఎప్పుడూ లోపల పెట్టకూడదు. ఖాళీగా ఉంది కదా అని సీసాలు దాచకూడదు, గాలికి అడ్డం. గుజ్జులో చక్కెర ఎక్కువ, గబగబా కాస్తే పొంగుతుంది. యాసిడ్ పోసి ఒక రాత్రి చల్లగా వదిలి, తర్వాత సన్నగా వేడి పెట్టాలి.

అన్నీ చెప్పాను అనుకున్నాను.

జూన్ 12, గురువారం

సీజను. గేటు నుంచి రోడ్డు దాకా తోతాపురి మామిడి ట్రాక్టర్లు. రైతులు బండ్ల కిందే పడుకుంటున్నారు. తిరుపతి నుంచి వచ్చే మా కంపెనీ బస్సు లోపలికి రాలేక మమ్మల్ని రోడ్డు మీదే దింపుతోంది. హుడ్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుస్తోంది. దగ్గు పోయింది.

జూన్ 18, బుధవారం

తాయమ్మ ల్యాబు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. కూతురి కోసం అనుకున్నాను. నాకోసమే.

"పైన అన్నానికి కూసుంటే గొంతు మంట మ్మా. కండ్లెంబడి నీళ్లు కారతాండాయి. మీ కొత్త పైపు కాడ్నించే వస్తాండాది" అంది.

ఆడవాళ్లు మధ్యాహ్నం మేడ మీద వాటర్ ట్యాంకు నీడలో తింటారని నాకు తెలుసు. డక్ట్ మేడ మీదికి పోతుందనీ తెలుసు. ఆ రెండూ ఒకే మేడ అని ఒక్కసారీ అనుకోలేదు.

పైకెళ్లాను. గొట్టం నా భుజం ఎత్తుకు ఆగిపోయింది. వాన పడకుండా ఢిల్లీబాబు దానికి టోపీ పెట్టాడు. పొగ టోపీకి తగిలి, కిందికి తిరిగి, ట్యాంకు నీడలోకి పోతోంది. లేత ఎరుపు. అక్కడ క్యారియర్లు తెరిచి ఉన్నాయి.

టెస్టులు ఆపేశాను.

జూన్ 19

గొట్టం బాగా ఎత్తు పెంచాలి, టోపీ తీసేయాలి, గాలి నేరుగా ఆకాశంలోకి కొట్టాలి. పైపు సోమవారం వస్తుందట. సార్ ఆడవాళ్లను వేరేచోట కూర్చోమందామన్నారు. వేరే నీడ ఎక్కడుందో చెప్పమన్నాను. కంటైనరు చెన్నై పోర్టుకు పోవాలి, ఒక్క బ్యాచ్ టెస్టు చెయ్యమన్నారు. కుదరదన్నాను. సరేనన్నారు.

సోమవారం దాకా ఎందుకు, రేపు ఢిల్లీబాబుతో చిత్తూరు వెళ్లి నేనే పైపు తెస్తాను.

జూన్ 20, శుక్రవారం

ఇది ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను.

మధ్యాహ్నం పైపుతో తిరిగి వచ్చాం. ల్యాబు తలుపు తీశాను. హుడ్ గాజు వెనక ఏమీ కనపడటం లేదు, ఎర్రటి గోడలా ఉంది. ఆ ఎరుపు గాజు కింది సందులోంచి గదిలోకి పారుతోంది. టిష్యూ ముక్క కదలకుండా వేలాడుతోంది. ఎస్తేరు చున్నీ ముక్కుకు కట్టుకుని హుడ్ ముందే నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఊపిరి బిగబట్టి వెళ్లి చెయ్యి పట్టుకుని బయటికి లాగాను. తలుపు మూసి, ల్యాబు బయట మెయిన్ స్విచ్చు ఆపాను.

నేను లేనప్పుడు సార్ ఆ ఒక్క బ్యాచ్ ఎస్తేరుతో పెట్టించారు. బ్లోయరు ఎందుకు ఆపావని అడిగాను.

"మా అమ్మోళ్లు పైన అన్నం తింటాండారు మేడం. గ్లాసు పూర్తిగా దించేసినా గదా, పొగ లోపలే ఉంటాదనుకున్నా" అంది.

బ్లోయరు ఆగితే హుడ్ ఉత్త పెట్టె. ఈ మాట నేను ఆమెకు చెప్పలేదు. ఎవరైనా ఆపుతారని నాకు తోచలేదు.

ఏం కాలేదు మేడం, బాగానే ఉన్నానంది. నీళ్లు తాగింది. చిత్తూరులో డాక్టరు కూడా ఛాతీ బాగుంది, ఇంటికి పోవచ్చు అన్నాడు. పోనివ్వలేదు. ఈ పొగ పీల్చిన మనిషి కొన్ని గంటలు మామూలుగానే ఉంటుంది, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. గ్యాసు పేరు కాగితం మీద రాసిచ్చాను. అతను పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి, వచ్చి, తిరుపతికి పంపుదాం అన్నాడు.

పూతలపట్టు దాటాక అంబులెన్సులో దగ్గు మొదలైంది. తిరుపతి చేరేసరికి పెదవులు నీలం. ఆక్సిజన్ పెట్టారు.

జూన్ 21

ఎలా ఉందో చెప్పడం లేదు.

తాయమ్మ వరండాలో నా పక్కన కూర్చోలేదు. ఎదురుగా కూర్చుంది. "నా కోసరమే ఆపిందంట నా బిడ్డ. ఆ పైపు యాడికి పోతాదో మీరు ముందే సూసుండకూడదా మ్మా?" అంది.

సూసుండాల్సింది అన్నాను.

ప్రతాప్ సార్ వచ్చారు. లోపలికి వెళ్లలేదు. టెస్టు చెయ్యమన్నాను గానీ ఫ్యాన్ ఆపమనలేదన్నారు. నిజమే. ఆయన చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాశాను.

జూన్ 23, సోమవారం

కళ్లు తెరిచింది. ఆక్సిజన్ తగ్గించారు. బ్యాచ్ పోర్టుకు పోయిందా మేడం అని అడిగింది. పోలేదన్నాను.

జూలై 2

గొట్టం ఇప్పుడు ట్యాంకు కంటే బాగా ఎత్తు. టోపీ లేదు. తీగలతో నాలుగు పక్కలా బిగించారు. ముందు ఉత్త పొగబత్తి వెలిగించి చూశాం. నేనూ తాయమ్మా మేడ మీద నిలబడ్డాం. పొగ పైకి పోయింది. ఆమె మాత్రం గొట్టాన్ని కాదు, నన్నే చూసింది.

బ్లోయరు నడవకపోతే హాట్ ప్లేట్‌కు కరెంటు రాకుండా ఢిల్లీబాబు చేత స్విచ్చు పెట్టించాను. నాలుగు ట్రాక్టర్లు తప్ప గేటు ఖాళీ.

తాయమ్మ కూతుర్ని ఇక పంపనంది. పంపమని నేను అడగలేదు.

జూలై 21, సోమవారం

పొద్దున బస్సు దిగేసరికి ఎస్తేరు ల్యాబు మెట్ల మీద కూర్చుని ఉంది. మీ అమ్మకు చెప్పి వచ్చావా అని అడిగాను. అమ్మే దింపి పోయిందంది. మెట్లు ఎక్కి వచ్చి కాసేపు కుర్చీలో ఆగింది. తర్వాత కోటు వేసుకుంది.

జూలై 24

ప్రతాప్ సార్ తొందరలో బ్లోయరు వేయకుండా హాట్ ప్లేట్ వేశారు. వెలగలేదు. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టారు, ప్లేట్‌ను అరచేత్తో కొట్టారు, ఢిల్లీబాబును పిలిచి తిట్టారు. ఎస్తేరు బల్ల పట్టుకుని నవ్వింది. ఆపుకోలేక మళ్లీ నవ్వింది.

మధ్యలో దగ్గు రాలేదు.