గుప్పెట్లో ఉప్పు

ఆదివారం రాత్రి, హవాయి

ఈ ట్రిప్ బుక్ చేసింది నేనే. టెక్సస్‌లో, ప్లేనోలోని మా ఇంట్లో మాట్లాడుకోలేనివి ఇక్కడికొస్తే మాట్లాడుకుంటామనుకున్నాను.

పొద్దున గైడ్ వెంట అడవిలో నడిచాం. కింద బురద, పైనుంచి ఆగని తుంపర. వాగు దగ్గర గైడ్ అమ్మాయి జంటలన్నీ చేతులు పట్టుకుని దాటమంది. కిరణ్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, ఎన్ని నెలలకో. అవతలి ఒడ్డున కాలు పెట్టగానే వదిలేసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. తడి వల్లేనేమో.

అడవి చివర బీచ్. మా గుంపు తప్ప ఒక్క మనిషి లేడు. అంత అందం చూస్తే నాకు ఏడుపొచ్చింది. గైడ్ ఫొటో తీస్తానంటే కిరణ్ నా భుజం మీద చెయ్యేసి నవ్వాడు. నేనూ నవ్వాను. అది మాకు బాగా అలవాటు.

ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. సాయంత్రం న్యూజెర్సీలోని పార్సిప్పనీ నుంచి పిన్ని ఫోన్ చేసింది.

"ఎంత చూడముచ్చటగా ఉన్నారే. అందరి కళ్లూ మీ మీదే. అక్కడ పెద్దవాళ్లెవరూ లేరు కదా, నువ్వే ఇంత ఉప్పు తీసుకుని కిరణ్‌కి దిష్టి తీసెయ్. నీకు తను తీస్తాడు."

సరేనన్నాను. నిజంగానే ఈ అద్దె కాటేజీ కిచెన్‌లోంచి గుప్పెట్లో ఉప్పు పట్టుకుని బెడ్‌రూమ్‌లోకి వెళ్లాను. కిరణ్ ఫోన్‌లోంచి తలెత్తి చూశాడు.

"మన మీద ఎవరి కన్ను పడుతుంది, స్వాతీ?" అన్నాడు. వెటకారం లేదు, కోపం కూడా లేదు. అలసిపోయినట్టు అన్నాడు.

కోప్పడినా బాగుండేది.

ఉప్పు సింక్‌లో పోసి నీళ్లు వదిలాను. పిన్నికి మాత్రం "ఇద్దరికీ తీసేశాం" అని మెసేజ్ పెట్టాను.