ఫైబర్ గుండు

జూన్ 3, 2005

ఇరవై ఏళ్ల కిందట త్రినాథరావు పోచమ్మ గుండు అనే పెద్ద బండరాయి మీద అరచెయ్యి ఆనించి మా షేక్‌పేట వాళ్లందరి ముందు మాట ఇచ్చాడు. ఎన్ని ప్లాట్లు పడ్డా ఈ గుండును ముట్టుకోమండీ అన్నాడు. అప్పుడు మా కాలనీ సొసైటీ సెక్రటరీ. ఇప్పుడు ప్రెసిడెంట్. మధ్యలో ఆడని సినిమాలు తీశాడు.

ఇవాళ కాలనీ మీటింగ్‌లో గుండు తీసేద్దామన్నాడు. ఆయన బిల్డింగ్‌ను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కిరాయికి తీసుకుంటుందట. కంపెనీ బస్సు మలుపు తిరగడానికి గుండు అడ్డమట. ఆ పాత మాట గుర్తు చేశాను. మాస్టారు బాగా చదువుకున్నారు కదా, ఎమోషనల్ అవుతారు, అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంతమంది మొద్దులను ఒక్క గదిలో ఎన్నడూ చూడలేదు.

జూన్ 5

గుండు కింద పోచమ్మ అంటే పసుపు పూసిన చిన్న రాయి. రోజూ పొద్దున్నే నీలమ్మ కృష్ణానగర్ నుంచి నడిచొచ్చి దీపం పెట్టి, అటు నుంచి అటే షూటింగ్‌కి పోతుంది. జూనియర్ ఆర్టిస్టు. సినిమాల్లో గుంపు మధ్య నిలబడి ఏడ్చే ముసలమ్మ. వాళ్లమ్మ కూడా ఇక్కడే దీపం పెట్టేది.

సంగతి చెప్పాను. ఏంది సారూ, గుండును గూడ వదలరా, ఇగ అమ్మ యాడికి పోవాలె, అంది. గ్లిజరిన్ లేకుండా నీలమ్మ ఏడవడం మొదటిసారి చూశాను.

జూన్ 11, సాయంత్రం 6

త్రినాథరావు స్వీట్ బాక్సుతో వచ్చాడు. కాలనీ సావనీర్‌కి మన ప్రాంతం పరిచయం నన్నే రాయమన్నాడు. చరిత్ర, ప్రజలు, భవిష్యత్తు. గుండు ఉంటేనే రాస్తానన్నాను. అయ్యో, మీరు రాశాక ఎవడు ముట్టుకుంటాడండీ, దాంతోనే మొదలెట్టండి, అన్నాడు.

ఒప్పుకున్నాను. అచ్చులో పడితే సాక్ష్యంగా ఉంటుంది.

జూన్ 19

రాసిచ్చాను. తీపి కబుర్లు లేవు. ఈ గుట్టల్లో మేకలు కాసినవాళ్ల పిల్లలు ఇప్పుడు ఇక్కడి గేట్ల దగ్గర వాచ్‌మన్లు అని రాశాను. సినిమా వాళ్లు మద్రాసు వదిలి వచ్చాక మా భాష రౌడీలకూ కామెడీకీ మిగిలిందని రాశాను. కోస్తా క్రైస్తవులు రేకుల షెడ్డులో మొదలుపెట్టిన చర్చి గురించి, టోలిచౌకి నుంచి గాలిలో వచ్చే అజాన్ గురించి, హీరోలవుదామని వచ్చి కృష్ణానగర్ గదుల్లో ముసలివాళ్లయినవాళ్ల గురించి. భవిష్యత్తుకు ఒక్కటే వాక్యం: ఈ గుండు ఉన్నన్నాళ్లూ ఇది ఊరు.

జూలై 2

డ్రిల్లింగ్.

జూలై 3

నిన్న ఆ ఒక్క మాటే రాశాను. నేను పోయేసరికే గుండు సగం లేదు. నీలమ్మ అమ్మవారిని కొంగులో కట్టుకుని ఫుట్‌పాత్ మీద కూర్చుంది. పర్మిషన్లన్నీ ఉన్నాయండీ అన్నాడు త్రినాథరావు. మీరు రాసింది వేస్ట్ కానివ్వం, సర్‌ప్రైజ్ ఉంది, అని భుజం తట్టాడు. ఇంటికొచ్చి చొక్కా ఉతుక్కున్నాను.

ఆగస్టు 15

సర్‌ప్రైజ్ చూశాను. కాలనీ పార్కులో గుండు. ఫైబర్‌ది. అదే పగులు, అదే దీపం మసి. అంతోని అనే సినిమా సెట్ల మేస్త్రీ అసలు గుండు ఉండగానే అచ్చు తీశాడట. ఎప్పుడు తీశావని అడిగాను. జూన్ మొదట్లోనే సార్ అన్నాడు. అంటే స్వీట్ బాక్సు కంటే ముందే. గట్టి సరుకు సార్, హీరో దూకినా పగలదు, అని గ్యారంటీ కూడా ఇచ్చాడు.

కింద పలక మీద నా ఆఖరి వాక్యం, నా పేరు. మిగతాదంతా కోసేశారు. ఒరిజినల్ కన్నా బెటర్ కదండీ అని త్రినాథరావు మైకులో అన్నాడు. చప్పట్లు. నీలమ్మ వంగి వేళ్లతో తట్టింది. డొల్ల మోత. గీ డబ్బల అమ్మ ఎట్లుంటది, నువ్వే పోయి కూసో జర, అని ఆయన మొహం మీదే అనేసి వెళ్లిపోయింది. తర్వాత నేను మైకు అందుకున్నాను. రెండో వాక్యానికే కరెంటు తీసేశారు.

ఆగస్టు 20

మనిషికే కిరాయికిచ్చిన, దేవతకు గాదు, అన్నాడట నీలమ్మ ఇంటి ఓనరు. అమ్మవారు ఇప్పుడు మా వరండాలో, పుస్తకాల బీరువా పక్కన. నేను దేవుణ్ణి నమ్మను తల్లీ అని నీలమ్మతో అన్నాను. నువ్వు నమ్మకున్నా ఆమెకేం ఫికర్ లేదు, నూనె మాత్రం మర్వకు సారూ, అంది.

ఆగస్టు 27

నీలమ్మ రాజమండ్రి షూటింగ్‌కి పోయింది. దీపం నేనే పెట్టాను.

దేవుడు లేడు. త్రినాథరావు ఉన్నాడు.