మేత గది నుంచి, మగ ఈగల తరఫున

పండు ఈగల నివారణ కేంద్రం డైరెక్టరు గారి సముఖమునకు మేత గది ఉద్యోగిని సమర్పించుకొను అర్జీ.

విషయం: విడుదలకు ముందు మగ ఈగలకు ఈస్టు మేత, ఐదు రోజుల గడువు మంజూరు చేయుట గురించి.

అయ్యా,

1. మన కేంద్రమందు మగ ఈగలకు సంతాన యోగం లేకుండా చేసి తోటలలో వదులుచున్నాము. బయటి ఆడ ఈగ వీటితో జతకట్టినచో గుడ్లు పొదగవు, పండులో పురుగు పడదు. ఇది తమకు తెలియనిది కాదు. జతకట్టకపోతే ఏమిటన్నదే నా మొర.

2. గత నెల నుంచి పంచదార నీళ్లు మాత్రమే పట్టి, రెండో రోజునే వదలవలెనని తమ ఉత్తర్వు. రెండు రోజుల ఈగకు ఇంకా పెళ్లీడు రాదండీ. జామతోట ఉన్న మా అక్కను వాటి సంగతి అడుగగా ఫోనులో అన్న మాట యథాతథంగా: "ఏం చేస్తాయే, ఆకుల మీద కూర్చుని కాళ్లు రుద్దుకుంటున్నాయి. ఒక్క ఆడ ఈగ వాటి వంక కన్నెత్తి చూస్తే ఒట్టు!"

3. పరీక్ష పంజరంలో ఇరవై ఐదేసి ఈగలతో లెక్క చూశాను. పంచదార మగవాటిలో జతకట్టినవి నాలుగు. ఈస్టు తిని ఐదు రోజులు ఆగినవాటిలో పదమూడు. ఆ కాగితం పంపితే "ఈగల స్వవిషయాల్లో సిబ్బంది తలదూర్చరాదు" అని రాసి తిప్పి పంపారు. పదకొండేళ్లుగా నా ఉద్యోగమే అది కదండీ!

4. పురుగు ఆగకపోతే ఆదివారం నుంచి మందు కొడతానని బావ పంపు బయటికి తీశాడు. నిరుడు మందు కొట్టి, ఊపిరాడక తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్న మనిషి. "వద్దు బావా" అంటే, "మరి నీ ఈగలేం చేస్తున్నాయి మరదలా?" అని నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే దగ్గయింది.

కావున పై రెండూ మంజూరు చేయ ప్రార్థన. తాము చిత్తగించవలెను, వీలైతే ఆదివారంలోపే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మేత గది ఉద్యోగిని

తా.క.: అబద్ధమెందుకు సార్, ఒక బ్యాచ్‌కి ముందే ఈస్టు పెట్టి ఐదు రోజులు దాచాను. మొన్న అక్క తోటలో వదిలాను. ఇప్పుడే ఫోను: "ఒసేయ్, ఆకుల కింద జంటలే జంటలు! మగవాటి వీపున మీరు గుర్తుకు చల్లే గులాబీ పొడి ఉందే! మీ బావ కూడా చూశాడు. పంపు కడిగి అటకెక్కించేశాడు."

మెమో ఇస్తే సంతకం పెట్టి తీసుకుంటాను. కాస్త ఆగి ఇవ్వండి, రెండో బ్యాచ్‌కి మేత వేళయింది.