ఊ కొట్టినవాళ్ళు

ఫిబ్రవరి 3, కోవిల్‌పట్టి

బడిలో చదివింది తమిళం, ఈ తెలుగు అక్షరాలు ఫోన్‌లో చూసి నేర్చుకున్నాను. ఎనిమిది నెలలు పట్టింది. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, చదవడం ఎవరికీ రాదు. అందుకే ఇక్కడ ఏమైనా రాయొచ్చు.

అమ్మ చచ్చిపోతుందని భయంగా ఉంది.

రాసేశాను.

ఫిబ్రవరి 4, విరుదునగర్ ఆసుపత్రి

తాయిల్‌పట్టిలో అమ్మ పనిచేసే పటాసుల షెడ్డు పేలి ఈరోజుకు పన్నెండు రోజులు. అమ్మ కళ్ళకు కట్టు. చేతులు, ఛాతీ కాలాయి. గొంతుకు ఏమీ కాలేదు, చెవులు బాగున్నాయి అన్నాడు డాక్టర్. అయినా ఒక్క మాట లేదు. గంజి పెడితే పెదవులు బిగించేస్తుంది. మనిషే పట్టు వదిలేస్తే మా మందులేం చేస్తాయి, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమ్మా అన్నాడు.

ఏం మాట్లాడను?

ఫిబ్రవరి 6

కాలేజీలో సెమినార్ టాపిక్ చీటీ తీశాను. బెనీతా కార్మోనెస్, జీవితం, రచనలు. స్పెయిన్‌లో పిల్లల రచయిత్రి. బొగ్గు గని ఊరు. తొమ్మిదేళ్ళప్పుడు నాన్న గనిలోకి దిగాడు, పైకి రాలేదు. పెద్దయ్యాక టీచర్ అయింది, ముప్ఫై ఒక్క పుస్తకాలు రాసింది. ప్రతి కథా ముందు క్లాసులో చదివి వినిపించేది. పిల్లల చూపు కిటికీ వైపు పోయిందంటే ఆ వాక్యాన్ని అక్కడికక్కడే కొట్టేసేది. ఎంత అందమైన వాక్యమైనా సరే.

లైబ్రరీలో ఆమెది ఇంగ్లీషులో ఒక్క పుస్తకమే ఉంది. గనిలో బండి లాగే గుడ్డి గాడిద కథ. బస్సు సాత్తూరు దాటేలోపు చదివేశాను. అమ్మ కోసం తెలుగులో రాస్తాను.

ఫిబ్రవరి 9

మొదటి చాప్టర్ అయింది. అంధకారం. నిశ్శబ్దం. అశ్రువులు. ఈ మాటలు రాస్తుంటే నోట్లో కలకండ కరిగినట్టుంది. సాయంత్రం నాలుగింటికి అమ్మ పక్కన కూర్చుని చదివాను.

మా ఇంట్లో కథకు ఒక పద్ధతి. వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోతుంది. చిన్నప్పుడు అమ్మ అగ్గిపెట్టెలకు కాగితాలు అంటిస్తూ కథ చెప్పేది. నేను నిద్రపోతే అక్కడే ఆపేసి, మర్నాడు అక్కడి నుంచే ఎత్తుకునేది.

ప్రతి వాక్యం దగ్గరా ఆగాను. ఊ లేదు.

పక్క మంచం ముసలామె నవ్వింది. పేరు పాపమ్మాళ్. కళుగుమలైలో అగ్గిపెట్టెల పని. కాళ్ళు కాలి వచ్చింది. మా భాషేనని అప్పుడే తెలిసింది. ఏం పాపా, టీవీలో వార్తలు చదవతావుండావా, ఆ అశ్రువులు ఎవరు, గాడిదకి చుట్టాలా అంది.

బస్సులో ఊరు వచ్చేదాకా ఏడ్చాను.

ఫిబ్రవరి 10

ఊ రాని వాక్యాలన్నీ కొట్టేశాను. అంటే చాప్టర్ మొత్తం.

ఫిబ్రవరి 12

ఈసారి ఇంట్లో మాట్లాడినట్టే రాశాను. ఒగ ఊళ్ళో ఒగ గాడిద. దానికి కండ్లు లేవు.

"ఊ."

చదవడం ఆపి అమ్మ మొహంలోకి వంగి చూశాను. కానీ అమ్మ కాదు. పాపమ్మాళ్ అవ్వ. ఏమే, ఎందుకు ఆపితివి, నేను ఊ కొడతావుండా కదా అంది. నీకు చెప్పడం లేదవ్వా అనేశాను. సరి, మీ అమ్మకి పోసేదాంట్లో నాకు రెండు చుక్కలు పడితే చాలు అంది.

సిగ్గేసింది. కథ సాగించాను.

ఫిబ్రవరి 15

రోజూ అవ్వే ఊ కొడుతోంది. మధ్యలో అమ్మను తిడుతోంది. ఏందే వీరమ్మా, బిడ్డకి గొంతు ఎండిపోతావుంది, నీ ఊ ఏమన్నా బంగారమా అని. ఈరోజు అమ్మ రెండు చెంచాల గంజి మింగింది! అవ్వ తిట్టినందుకే అని నర్సు అంటోంది.

ఫిబ్రవరి 16

ఇక చివరి చాప్టరే ఉంది. గాడిద బయటికి వచ్చెనా లేదా అని అవ్వ పట్టుబట్టింది. ఇప్పుడే చెప్పు, రేపటికి ఎవరుంటారో అంది. రేపు వచ్చి చెబుతానన్నాను. ఊరించడం కూడా కథలో భాగమే అనుకున్నాను.

ఫిబ్రవరి 17

సెమినార్ పేపర్ రాస్తూ ఉండిపోయాను. ఆసుపత్రికి వెళ్ళలేదు. ఒక్క రోజే కదా.

ఫిబ్రవరి 18

పక్క మంచం మీద కొత్త దుప్పటి.

నిన్న మధ్యాహ్నం అంట. ఇన్‌ఫెక్షన్ అంట. నాలుగింటికి ఆ పాప వచ్చిందా అని అడిగిందా అన్నాను, అప్పటికే అవ్వ లేదు కదా అంది నర్సు.

గాడిద బయటికి వచ్చింది అవ్వా. ఎండ దాని మొహం మీద పడింది. అది వెలుతురని దానికి తెలీదు. ఎవరో చెయ్యి పెట్టి నిమురుతున్నారు అనుకుంది. నీకు చెప్పి ఉంటే రెండు నిమిషాలు పట్టేది.

అమ్మ మళ్ళీ పెదవులు బిగించింది. చివరి చాప్టర్ మొదలుపెట్టాను. ఊ లేదు. ఇంకో వాక్యం. లేదు. ఆపేశాను. మా పద్ధతి అదే.

ఫిబ్రవరి 19, నాలుగుంపావు

నేనింకా నోట్‌బుక్ తెరవలేదు. నోరు కూడా తెరవలేదు.

అమ్మ పక్క మంచం వైపు మెల్లగా తల తిప్పి, "ఊ" అంది.

ఒక వాక్యం చెప్పేంతసేపు ఆగి మళ్ళీ, "ఊ."

ఆ మంచం మీద ఎవరూ లేరు.