వనజమ్మకు పది, నాకు ఇరవయ్యా?

జమ్మలమడుగు

ప్రొద్దుటూరు సాలోమోను సారుకు, తిరుపాలమ్మ కోపంగా చెప్పి, పక్కింటి సైదున్నీసాతో రాయించేది.

నట్టల మందు తాపే రోజు మన గొర్రెల సంఘంలో ఎవరి మంద ముందు రావాలో మీ పాత కంప్యూటరు చెబుతుందట. అందులో వనజమ్మకు పది, నాకు ఇరవై వేశారట. మా అత్తగారింటికి పెద్దకోడలిని నేను. పులివెందుల నుంచి నా వెనక వచ్చిన చిన్నకోడలు ఆమె. పోయినసారి మందు ఆమె మందతోనే అయిపోయింది, నా గొర్రెపిల్లలు నీళ్లుగా పారుకొని పడిపోయాయి. నన్ను ముందు పెట్టండి. ఫోన్లో చెబితే గాలికి పోతుంది, కాగితమైతే మీ మొహాన ఉంటుంది.

ఇట్లు,
పెద్దకోడలు తిరుపాలమ్మ

తా.క.: "మొహాన" అన్నది అవ్వే. "ఎదుట" అని రాస్తానంటే ఒప్పుకోలేదు. – సైదున్నీసా

ప్రొద్దుటూరు

తిరుపాలమ్మక్కకు వందనాలు.

అది నేను బడిలో లెక్కలు చెప్పే రోజుల్లో బేసిక్ అనే కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రాం. సంఘానికి పేర్ల కాగితం ఇప్పుడు దాంతోనే తీసిస్తున్నాను. ప్రతి వరుసకూ ఒక నెంబరు ఉంటుంది, చిన్న నెంబరు ముందు నడుస్తుంది. తర్వాత ఏదైనా ఇరికించాలంటే చోటుండాలని పదేసి వదిలి వేస్తాం. అందులో మర్యాద, అమర్యాద లేవు. అయినా మిమ్మల్ని ఐదులో పెట్టాను. అది విని వనజమ్మక్క ఆటోలో మా ఇంటికి వచ్చింది, రెండులో పెట్టేదాకా లేవలేదు.

మీ తమ్ముడి వంటి
సాలోమోను

తా.క.: ఆమె తెచ్చిన జొన్నరొట్టెలు బాగున్నాయి.

జమ్మలమడుగు

రొట్టెలకు లొంగిన సారుకు,

నన్ను సున్నాలో వెయ్యండి. దాని కింద ఇంకేమన్నా ఉంటే అక్కడ వెయ్యండి. కుదరదంటే ఆమె నెంబరే నాకూ వెయ్యండి. ఒకే గడప తొక్కినవాళ్లం, ఆమెకున్నది నాకెందుకుండదు?

ఇట్లు,
తిరుపాలమ్మ

తా.క.: రొట్టెలు ఆమెకు నేర్పింది అవ్వేనట. ఇది పెద్ద అక్షరాలతో రాయమంది.

ప్రొద్దుటూరు

అక్కకు వందనాలు.

నా బేసిక్ పైకి అరవై అయిదు వేల చిల్లర దాకా పోతుంది గానీ, సున్నా కొడితే ఎర్రర్ అంది. సరేనని మీరన్నట్టే రెండులో మీ పేరు కొట్టాను. ఉన్న నెంబరుకే మళ్లీ రాస్తే పాత వరుస చెరిగిపోతుంది. ఆ సంగతి తెలిసీ ఆదమరిచాను. వనజమ్మక్క పేరు పోయింది, కాగితం సంఘానికి వెళ్లిపోయింది. వచ్చే విడతకు సరిచేస్తాను.

సాలోమోను

తా.క.: ఈసారి ఆటో చప్పుడు వింటే తలుపు తీయను.

జమ్మలమడుగు

సారుకు,

పేరు పోయిందని విని నేను పాయసం వండుకున్న మాట నిజమే. మందు రోజు వనజమ్మ తన మందను తోలుకొచ్చి నా మందలో కలిపేసింది. "పేరు యాడుంటే ఏమక్కా, మనది ఒక ఇల్లే గదా" అంది. మందు చాలింది. ఆమె మాత్రం పోలేదు, నా దొడ్డిలోనే ఉంది. ఇప్పుడు నేను పిలిస్తే నా గొర్రెలు తలెత్తవు. ఆమె "డుర్రు" అంటే పరుగెత్తుతాయి. నా చేతి మేత తిని పెరిగిన పొట్టేలు కూడా.

ఆమెను ఒకటిలో వెయ్యండి. నాకన్నా ముందైనా సరే, ఆమె మంద ఆమె తోలుకొని పోవాల.

ఇట్లు,
వెనకబడ్డానికి ఒప్పుకున్న
తిరుపాలమ్మ

తా.క.: ఇది వనజమ్మవ్వకు చదివి వినిపించాను. "ఒకటి మా అక్కకే ఉండనీ, నాకు ఈడనే బాగుండాది" అంటాంది. తిరుపాలమ్మవ్వ పొట్టేలును గుంజకు కట్టేసి, దాని ముందర కూచొని "డుర్రు" అనడం నేర్చుకుంటోంది. – సైదున్నీసా