సాంచె బరువులతో వ్యాయామం

సూరత్,
జూన్ 2020

పూజ్యులైన బుచ్చిరాములు మామకు మేనకోడలు నమస్కరించి వాదించునది:

ఫోన్‌లో మీరు నా మాట పూర్తి కానివ్వలేదు కనుక ఈ ఉత్తరం. లాక్‌డౌన్‌లో ఊరికి పోతూ మీరు మా ఇంట్లో దాచిన నాలుగు సాంచె బరువులూ, అంటే మీ మరమగ్గం దిమ్మెలు, క్షేమం. కాలేజీ, జిమ్ము రెండూ మూశారు. బజారులో డంబెల్స్ ధర అడిగితే నాన్న నెల జీతమంత చెప్పారు. అందుకని మీ బరువులను కర్రకు కట్టి వ్యాయామం మొదలుపెట్టాను. మొత్తం ఖర్చు రెండు తాళ్లు.

సాంచెలు మళ్లీ మొదలవుతున్నాయని, సోమవారంలోగా బరువులను సలాబత్‌పురా కార్ఖానాలో అప్పగించమని మీ ఆజ్ఞ. పడి ఉన్న వస్తువు వాడుకునేవారిదేనని అమ్మతో అరగంట వాదించాను. అమ్మ రొట్టె తిప్పుతూ అన్నది:

"నీ దండచేతులు గట్టివడకుంటె ఏం గాదు బిడ్డా. బరువు లేకుంటె సాంచెల దారం బిగువుండది, బట్ట రాదు, మీ మామకు కూలి రాదు. ఇగ జెప్పు, ఏమంటవ్?"

విశ్వవిద్యాలయ డిబేట్ పోటీల్లో న్యాయనిర్ణేతలు ఓడించినప్పుడు కూడా నేను ఒప్పుకోలేదు, ఇది ఒప్పుకుంటున్నాను. రేపు ఉదయం నాలుగు బరువులూ భుజాన మోసుకుని కార్ఖానాకు నడిచే వెళతాను. ఆటో ఎక్కమని మాత్రం ఎవరూ చెప్పవద్దు. చివరి రోజు వ్యాయామం ఎగ్గొట్టడం నా సిద్ధాంతానికి విరుద్ధం.

ఇట్లు,
ఒక్కసారి మాత్రమే ఓడిన
మీ మేనకోడలు